పావుగంట గడువు

“నాన్న కళ్ళు తెరిచాడు మేడం! నన్ను గుర్తుపట్టాడు!”

ఫోన్లో ఆ మాట వినిపించినప్పుడు గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. టేపమ్మ చేతిలోని టీ కప్పు సాసరు కోసం వెతుక్కోకుండా నేరుగా కేసు ఫైలు మీదే కూర్చుంది. కేసు తీసుకున్నప్పట్నుంచీ ఆ అమ్మాయి గొంతులో ఏడుపు తప్ప మరొకటి వినలేదు ఆమె. ఇవాళ నవ్వు వినబడింది. నవ్వు చివర మళ్ళీ ఏడుపే.

“మంచి కబురు చెబుతూ ఏడుస్తావేంటమ్మా?”

“కళ్ళు తెరవగానే ‘చిన్నదేది?’ అన్నాడు మేడం. జ్వరమొచ్చి ఇంట్లో పడుకుందని చెప్పాను. ఇప్పుడే ఏమీ చెప్పొద్దన్నారు డాక్టరుగారు. అది విని నాన్న ఏమన్నాడో తెలుసా? ‘పాపం, బాగా తడిసింది కదా’ అన్నాడు.”

“అరగంటలో అక్కడుంటాను,” అంది టేపమ్మ.

సర్వే ఆఫీసులో పదకొండేళ్ళు నేలలు కొలిచి, విసుగొచ్చి, మనుషుల మాటలు కొలవడం మొదలుపెట్టిన డిటెక్టివ్ ఆమె. హ్యాండ్‌బ్యాగులో ఉక్కు టేపు లేకుండా గడప దాటదు. ఆ పేరు అలా వచ్చిందే.

ఫైలులో ఉన్న కథ చిన్నది. కాలువ గట్టు కింది సందులో ఒక బైండింగు షాపు. తండ్రి, ఇద్దరు కూతుళ్ళు. చిన్నమ్మాయికి వరదకు నాలుగు నెలల ముందు పెళ్ళయింది, అదే కాలువ మీద పనిచేసే గేట్‌కీపరుతో. నలభై రెండు రోజుల కిందట పెద్ద వాన పడి కాలువ పొంగింది. పొంగిన నీళ్ళు ఆసుపత్రి జనరేటరు గదిలోకి పోకుండా గేటు తెరిచి, ఆ నీటిని సందులోకి వదిలారు. పెద్దమ్మాయి లైబ్రరీకి పుస్తకాలు ఇవ్వడానికి వెళ్ళి బతికిపోయింది. తండ్రిని స్పృహ లేకుండా బయటికి తీశారు. చిన్నమ్మాయిని ప్రాణం లేకుండా తీశారు.

గేటు తిప్పింది ఆమె మొగుడే.

పెద్దమ్మాయి వేసిన కేసుకు కాలువ కంపెనీ కోర్టులో ఇచ్చిన జవాబు ఫైలులో పై కాగితం. ‘అరవై రెండు మంది రోగుల ప్రాణాలు కాపాడటానికి తప్పనిసరై చేసిన పని. జరిగినది అవసరమైన స్వల్ప నష్టం.’ స్వల్ప అన్న మాట కింద పెద్దమ్మాయి గీసిన ఎర్ర గీత కాగితాన్ని చింపేసింది. ఆ జవాబు నిలబడుతుందా, లేక కేసు ముందుకు నడుస్తుందా అన్నది జడ్జి తేల్చేది రేపు పదింటికి.

“వాళ్ళిచ్చేదేమీ నాకొద్దు మేడం. ఆ స్వల్పం అన్న మాట కొట్టేయించండి చాలు,” అని ఆ జవాబు చేతికొచ్చిన రోజే చెప్పింది పెద్దమ్మాయి.

*

ఆసుపత్రి రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. బైండింగు మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చుని, నర్సు ఇచ్చిన మందుల చీటీని బోర్లా తిప్పి దాని అంచు వేలితో సరిచూస్తున్నాడు.

“ఎంత వంకరగా కోశారో చూడండి,” అన్నాడు, పలకరింపు బదులు.

టేపమ్మకు నవ్వొచ్చింది.

“మాస్టారూ, అలసట లేకపోతేనే చెప్పండి. ఆ రోజు సైరన్ విన్నారా?”

“వినకేం? చెవులు బాగానే ఉన్నాయి. సోమరివి కాళ్ళే.”

“అప్పుడు టైమెంత?”

“నాలుగూ ఐదు. చిన్నది గడియారం చూసి చెప్పింది. సైరన్ మోగాక పావుగంట గడువిచ్చి గేటు తెరుస్తారు. ఏటా వానల్లో ఉండేదే. దానికి మాకో పద్ధతుంది.”

“ఏం పద్ధతి?”

“జిగురు పూసిన పుస్తకాన్ని గాలికి వదిలేసి పోకూడదమ్మా. అట్ట వంగిపోతుంది, మళ్ళీ ఎంత చేసినా చక్కబడదు. ఆ రోజు బల్ల మీద తడి పుస్తకాలు నాలుగున్నాయి. నాలుగూ ప్రెస్సుల్లో పెట్టి బిగించి పోదామన్నాను. ఒక్కోటి రెండు నిమిషాలు. అంటే ఎనిమిది. గట్టు మెట్లెక్కడానికి నాకు మూడు, దానికి ఒకటి. ఇంకా బోలెడు టైముంది కదా?”

“ఎన్ని బిగించారు?”

“మూడు. నాలుగోది చేతిలో ఉంది. తలుపు విరిగి మీదకొచ్చింది. తలుపు వెనకాల నీళ్ళు.”

షాపులో బురద తీసిన రోజు టేపమ్మ ఆ ప్రెస్సుల్ని చూసింది. మూడు బిగిసి ఉన్నాయి, తుప్పు పట్టి, లోపల పుస్తకాలతో సహా. నాలుగోది నోరు తెరుచుకుని ఉంది. అప్పట్నుంచీ ఆ నాలుగోది ఆమెను నిద్రపోనివ్వలేదు. మూడు రెళ్ళు ఆరు. నాలుగూ ఐదుకి ఆరు కలిపితే నాలుగూ పదకొండు. కంపెనీ రిజిస్టరులో గేటు తెరిచింది నాలుగూ ఇరవైకి!

“మధ్యలో ఇంకేమైనా జరిగిందా మాస్టారూ? చిన్నదైనా సరే.”

“ఫోను మోగింది. రెండో పుస్తకం బిగిస్తున్నప్పుడు. ఏడు సార్లు మోగి ఆగిపోయింది.”

“ఎవరూ ఎత్తలేదా?”

“జిగురు చేతులతో ఫోను ముట్టుకోం మా షాపులో. వాళ్ళమ్మ ఉన్నప్పట్నుంచీ అంతే. చిన్నది ఏమందంటే...” ఆయన ముఖం విప్పారింది. “‘ఆయనే అయ్యుంటారు నాన్నా, ఇంకో పావుగంటలో ఎదురుగా వెళ్ళి నిలబడతాగా, ఏం చెప్తారో అప్పుడే చెప్పమంటా’ అంది. ఒకటే నవ్వు. కొత్త పెళ్ళికూతురు కదా, ఫోను మోగినా నవ్వే, మోగకపోయినా నవ్వే. ఎత్తలేదని దాన్నేమీ అనకండి. ఎత్తమని నేనూ చెప్పలేదు.”

“అనను మాస్టారూ.”

“జ్వరం తగ్గాక పంపించండి. నాలుగో పుస్తకం ఏమైందో దాన్నడగాలి.”

పెద్దమ్మాయి అప్పటికే గదిలో లేదు. వరండాలో గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. టేపమ్మ వెళ్ళగానే ఇటు తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

“తొమ్మిది నిమిషాలు మేడం. దాని పావుగంటలోంచి తొమ్మిది నిమిషాలు కాజేశాడు నా మరిది. ఆ మనిషికి గొడుగు మరిచిపోతే పరిగెత్తుకెళ్ళి ఇచ్చొచ్చేది. ఇంట్లో సబ్బు ఏ రంగుది కొనాలో ఇద్దరూ కూర్చుని గంట మాట్లాడుకునేవాళ్ళు. అలాంటివాడు పావుగంట ఆగలేకపోయాడా?”

“అదే అడుగుదాం, పద.”

“వస్తాను. కానీ లోపలికి రాను. ఆ మొహం చూడను.”

*

గేటు గది పదడుగుల చదరం. మధ్యలో ఇనప చక్రం, గోడకు సైరన్ మీట, కిటికీ పక్క బల్ల మీద రిజిస్టరు, ఫోను. తలుపు వెనక మేకుకు రెండు గొడుగులు వేలాడుతున్నాయి, ఒకటి నల్లది, ఒకటి పసుపు చుక్కలది. బల్ల ముందు గేట్‌కీపరు తల వంచుకుని కూర్చున్నాడు. అతని ఎదురుగా కంపెనీ తరఫు బీమా డిటెక్టివ్ ఇస్త్రీ బాబు నిలబడి ఉన్నాడు, కూర్చుంటే చొక్కా నలుగుతుందని. సర్వే ఆఫీసులో ఆరేళ్ళు టేపమ్మ పక్క బల్ల అతనిదే. అప్పుడూ ఇంతే.

“ఆలస్యమైంది టేపమ్మగారూ. మా సాక్షిని నేను అప్పుడే కొలిచేశాను.”

“మీరెక్కడ కొలుస్తారు బాబూ? మడత పెడతారు.”

“పెడితే తప్పేముంది? రేపు జడ్జిగారికి విప్పి చూపించాలి కదా.” అతను రిజిస్టరు తట్టాడు. “సైరన్ నాలుగూ ఐదు. గేటు నాలుగూ ఇరవై. రూలు ప్రకారం పావుగంట. ఇక చట్టమంటారా, మీకు తెలియంది కాదు. పక్కింటి గోడ పగలగొట్టడం తప్పే. కానీ వెనక మంట తరుముకొస్తోంది, లోపల మనుషులున్నారు, ఆ గోడ పగలగొడితేగానీ బయటపడరు. అప్పుడు పగలగొట్టినవాణ్ణి చట్టం తప్పు పట్టదు. పెద్ద ముప్పు తప్పించడానికి చిన్న నష్టం. దాన్నే అవసరం అంటారు.”

“చిన్నదని ఎవరు కొలిచారు?”

“అటు అరవై రెండు, ఇటు ఒకటి. దీనికి టేపు కావాలా?” అతను గొంతు తగ్గించాడు. “ఇంకో మాట. ఆ సాయంత్రం కరెంటు లేదు. మీ బైండింగు మాస్టారు ఊపిరి తీసుకున్నది ఆ జనరేటరు మీదే. ఆ రోజు ఈ గేటు తెరవకపోతే ఇవాళ పొద్దున ఆయన కళ్ళు తెరిచేవాడు కాదు. పెద్దమ్మాయిగారికి ఆ సంగతి కాస్త చెప్పండి.”

కిటికీ బయట గట్టు మీద అటు తిరిగి నిలబడ్డ పెద్దమ్మాయి భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి.

“చెప్పక్కర్లేదు. విన్నది,” అంది టేపమ్మ. ఆమెకూ ఆ దెబ్బ తగిలింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. “ముప్పు నిజమే బాబూ, ఒప్పుకుంటాను. కానీ మీరో ప్రశ్న దాటేశారు. గోడ పగలగొట్టడం తప్ప వేరే దారి లేదా?”

“ఉంది. మిగులు తూము. ఎక్కువైన నీటిని బీడు గుంటలోకి వదిలే తూము. దాన్ని మూడున్నరకే పూర్తిగా తీశారు. అయినా నీళ్ళు తగ్గలేదు. ఇదిగో, రాసుంది.”

“మీరు చూశారా?”

“చూశానుగా, రిజిస్టరు.”

“తూము చూశారా అంటున్నాను.”

ఇస్త్రీ బాబు ఒకసారి తన బూట్ల వైపు చూసుకున్నాడు. “దారంతా బురద.”

“రండి. ప్యాంటు పైకి మడుచుకోండి, గీత చెదరకుండా.”

గేట్‌కీపరు లేవలేదు. అతని కుడిచేతి రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. కొత్త గోరు ఇంకా సగమే వచ్చింది. టేపమ్మ ఆ వేళ్ళను చూసి, చూడనట్టు బయటికి నడిచింది.

గేటు గది నుంచి మిగులు తూముకు రెండొందల పది అడుగులు. తూము నోట్లో ఒకదాని మీద ఒకటి ఏడు చెక్క పలకలు, పక్కల ఇనప చీలలు. నోటికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు, ఒక అడవి తీగ పాకి ఉంది. నిండా పసుపు పూలు. ఆ పూలు చూడగానే టేపమ్మ ముఖం ఓ క్షణం చిన్నపిల్ల ముఖమైంది. తర్వాత టేపు బయటికి లాగింది.

“తూము వెడల్పు ఏడున్నర అడుగులు. తీగ మొదలు చుట్టుకొలత మూడు అంగుళాలు. ఇటు చూడండి, ఈ నులితీగ ఇనప చీలకు తొమ్మిది చుట్లు చుట్టుకుంది. ఎండిన కాయలు చూడండి, గలగలలాడుతున్నాయి. ఇవి పోయినేటి కాయలు. నలభై రెండు రోజుల కిందట వరద ఈ నోట్లోంచి పోయి ఉంటే, బాబూ, ఈ తీగ ఇప్పుడెక్కడుండాలి?”

ఇస్త్రీ బాబు ప్యాంటుకు మోకాలి దాకా బురద అంటింది. అతను అది చూసుకోలేదు.

“ఏడాది పైనే ఈ తూము ఎవరూ తీయలేదు. వానలకు ముందు పలకలు తీసిపెట్టాలని మీ కంపెనీ రూలే. తీయలేదు కనుకే కాలువ పొంగింది. మంట మీరే పెట్టి, మంట వచ్చింది కాబట్టి పక్కింటి గోడ పగలగొట్టాం అంటే చట్టం ఊరుకుంటుందా?”

పై పలక అంచున గునపం పొడిచిన గాట్లు పది పన్నెండున్నాయి. ఒక గాటు పక్క చెక్క ఎండిన నెత్తురుతో నల్లబడి ఉంది. టేపమ్మ అన్నిటికీ ఫొటోలు తీసింది, టేపు పక్కన పెట్టి మరీ.

ఇస్త్రీ బాబు తేరుకున్నాడు. “బాగుంది. రేపు మీరు ఈ తీగ చూపించండి. కంపెనీ వాళ్ళు ఇంకోటి చూపిస్తారు. గడువు ముగియకముందే, పదకొండు నిమిషాల ముందే గేటు తిప్పిందెవరు? రూలు తప్పింది కంపెనీ కాదు, ఆ కుర్రాడు, అది అతని సొంత తప్పు అంటారు. ఉద్యోగం పోతుంది, కేసు అతని మెడకు చుట్టుకుంటుంది. పెళ్ళాన్ని ముంచినవాడని నిండు కోర్టులో అనిపించుకుంటాడు. మీకది కావాలా?”

టేపమ్మ టేపును నెమ్మదిగా లోపలికి వదిలింది.

“నేను తొమ్మిది నిమిషాలనుకుంటున్నాను. అది కూడా నీళ్ళు షాపుకు చేరిన టైముని బట్టి. గేటు నుంచి షాపుకు నీళ్ళు రెండు నిమిషాలు. తొమ్మిదీ రెండూ పదకొండు, సరిపోయింది. కానీ ఆ లెక్క నేనింకా ఎవరికీ చెప్పలేదే? ఇందాక మీరు నాలుగూ ఇరవై అని రిజిస్టరు తట్టి మరీ చెప్పారు కదా బాబూ?”

ఆరేళ్ళలో అతను మాట జారడం ఆమె చూడలేదు. గెలిచానన్న సంతోషం మాత్రం ఆమెకు కలగలేదు.

“రిజిస్టరు తర్వాత రాసిందని మీకు తెలుసు.”

“నాకు తెలిసింది రేపు జడ్జిగారు అడిగితే చెప్తాను,” అని అతను బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

*

ఆమె తిరిగొచ్చేసరికి గేట్‌కీపరు లేచి చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నాలుగూ తొమ్మిది,” అన్నాడు, అడగకుండానే.

“గోళ్ళు పోయింది మూడున్నరకా?”

“అవునండి. గునపం తీసుకుని తూము దగ్గరికి పోయా. మూడు నెలల్నించీ మొత్తుకుంటున్నా, పలకలు తీయించండని. నీళ్ళతో తిరిగే కొత్త కరెంటు మిషనుకి కాలువ నిండుగా ఉండాలన్నారు. పలకలు నానిపోయి ఉబ్బాయి, ఒక్కటీ కదల్లేదు. తిరిగొచ్చి సైరన్ వేశా. అప్పటికి నీళ్ళు జనరేటరు గది గుమ్మానికి నాలుగు వేళ్ళ కింద. నిమిషానికో వేలు మింగేస్తున్నాయి. పావుగంట ఎక్కడుందండి?”

“అందుకని ఫోన్ చేశావు.”

“నాలుగూ ఏడుకి. ఏడు సార్లు మోగింది. ఎత్తలేదు. హమ్మయ్య, బయల్దేరిందనుకున్నా. షాపులో ఉంటే ఎత్తకుండా ఉండదు. నాలుగు నెలల్లో ఎప్పుడు చేసినా రెండో మోతకే ఎత్తేది.”

“ఎప్పుడు చేసేవాడివి?”

ఆ ప్రశ్న గుమ్మం దగ్గర్నించి వచ్చింది. పెద్దమ్మాయి గడప మీద నిలబడి ఉంది.

“రోజూ రెండింటికి వదినా.”

“రెండింటికి.” ఆమె గోడ పట్టుకుంది. “ఒంటిగంటా యాభైకల్లా పని ఆపేసి చేతులు కడుక్కుని ఫోను పక్కన కూర్చునేది. నాన్న తిట్టేవాడు. జిగురు చేతులతో మా షాపులో ఎవరూ ఫోను ఎత్తరు. నీకా సంగతి చెప్పలేదా?”

గేట్‌కీపరు ఆమెను చూశాడు. అతనికి ఆ సంగతి ఇప్పుడే తెలిసిందని టేపమ్మకు అర్థమైంది. ముప్పయ్యేళ్ళుగా ఆ షాపులో ఉన్న పద్ధతి అతని దాకా ఎన్నడూ రాలేదు, అతని కోసం ఆ పిల్ల ప్రతిరోజూ చేతులు కడుక్కుంది కనుక.

“గేటు తిప్పుతూ సంతోషపడ్డా వదినా,” అన్నాడు అతను. “బయటపడిందిలే అని. ఆసుపత్రీ దక్కుతుంది, ఆవిడా దక్కిందని. ఎవరూ నన్ను అది అడగలేదు. గేటు తిప్పుతూ నేను సంతోషపడ్డా.”

కింద కాలువ నీళ్ళు మామూలుగా పోతున్నాయి.

“మరి రిజిస్టరు?” అని అడిగింది టేపమ్మ.

“మర్నాడు మేనేజరు తెచ్చాడు, మార్చురీ బయటికి. ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. పెట్టా. ఏం రాశాడో చదవలేదు.”

“వాళ్ళు కోర్టుకు ఏం రాసిచ్చారో చదివావా?” పెద్దమ్మాయి టేపమ్మ చేతిలోని ఫైలు పై కాగితం తీసి బల్ల మీద పెట్టింది. చిరిగిన ఎర్ర గీత దగ్గర అతని వేలు ఆగింది. ఆ మాటను అతను పెదాలతో మెల్లగా చదువుకున్నాడు. రెండోసారి చదవలేదు.

టేపమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. “విను. ఆ రోజు నీకొచ్చిన అవసరం నిజం. దాన్ని తెచ్చిపెట్టింది వాళ్ళ ఏడు పలకలు. తర్వాత రాసిన అబద్ధం కూడా వాళ్ళదే. ఇవి మూడూ జడ్జి ముందు విడివిడిగా పెట్టాలి. కలిపేస్తే నీ మెడకే చుట్టుకుంటాయి. విడదీసి చెప్పగలిగింది నువ్వొక్కడివే. చెప్పాక ఈ ఉద్యోగం ఉండదు. కేసు కూడా పెట్టొచ్చు.”

“పెట్టుకోనివ్వండి. నాలుగూ తొమ్మిదని నేనే చెప్తాను. ఎందుకు తిప్పానో చెప్తాను. ఏమనుకుని తిప్పానో కూడా.”

పెద్దమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాటి రెండడుగులు వేసింది. అక్కడే ఆగి, వెనక్కి తిరగకుండా మాట్లాడింది.

“రేపు పదింటికి కోర్టు. తొమ్మిదింటికి ఈ గట్టు మీద బండి ఆపుతాను, తయారుగా ఉండు. నువ్వు విడిగా వస్తే కంపెనీ మనిషివని అటు వైపు బల్ల మీద కూర్చోబెడతారు. నాతో వచ్చి నా పక్కన కూర్చో.”